ఫ్రీజర్‌లోంచి ఆఫీసు లంచ్ దాకా: గడ్డకట్టిన కూరను భద్రంగా కరిగించి వేడి చేసుకోవడం ఎలా?

పొద్దున ఎనిమిదింటికి ఫ్రీజర్ తెరుస్తారు. రాయిలా గడ్డకట్టిన పప్పు డబ్బా తీసి బ్యాగులో పెట్టుకుంటారు. వేళచ్చేరి నుంచి షోళింగనల్లూరు దాకా మెట్రో పనుల మధ్య బస్సు మెల్లగా కదులుతుంది. ఆఫీసుకు చేరాక బ్యాగు కుర్చీ పక్కన ఉంటుంది. ఒంటిగంటకు తెరిచి చూస్తే పప్పు చక్కగా కరిగి ఉంటుంది. రెండు నిమిషాలు మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి తినేస్తారు.

చెన్నైలో ఉద్యోగం చేసుకునే మన తెలుగువాళ్లలో నాకు తెలిసిన చాలామంది చేసేది ఇదే. నేనూ మూడేళ్లు ఇలాగే చేశాను. దయచేసి ఇది మానుకోండి. దీని బదులు ఏం చేయాలో నేను నేర్చుకున్నదంతా ఇక్కడ చెబుతాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఫ్రీజర్ సూక్ష్మజీవుల్ని చంపదు, వాటిని ఎదగనివ్వకుండా ఆపుతుంది, అంతే. వండిన కూర వేడిగానూ కాకుండా, చల్లగానూ కాకుండా గడిపిన ప్రతి నిమిషమూ ఒక లెక్కలో పడుతుంది. ఫ్రీజర్‌లో ఉన్నంతసేపు ఆ లెక్క ఆగుతుంది. బయటకు తీయగానే ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్యలో ఉన్న తిండిలో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. ఆ మధ్యలో మొత్తం కలిపి రెండు గంటలు దాటనివ్వకూడదు. చుట్టూ గాలి 32 డిగ్రీలు దాటితే గంటే. మే నెలలో కత్తిరి ఎండలప్పుడు చెన్నై బస్సులో ఎంత వేడిగా ఉంటుందో మీకు తెలుసు. అంటే మనకు ఏడాదిలో చాలా నెలలు ఆ లెక్క గంటకే పరిమితం.

పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా ఐదు గంటలు. "మధ్యలో ఇంకా ఐసు ఉంది కదా" అనిపించవచ్చు. ఐసు ఉన్నది మధ్యలోనే. డబ్బా అంచున ఉన్న పప్పు ఎప్పుడో కరిగిపోయి, గంటల తరబడి గది వేడిలోనే ఉంది.

వండిన రోజే సగం పని అయిపోతుంది

ముందు మీ ఫ్రీజర్ ఎలాంటిదో చూడండి. భోజనం నెలల తరబడి దాచడానికి మైనస్ 18 డిగ్రీలు కావాలి. అద్దె ఇళ్లలో ఎక్కువగా కనిపించే పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ అర అంత చల్లబడకపోవచ్చు. ఐస్‌క్రీమ్ పెట్టి చూడండి. మర్నాటికి గరిటె దిగనంత గట్టిగా ఉంటే మంచిదే. మెత్తగా ఉంటే మాత్రం ఆ ఫ్రీజర్‌ను వారం సరుకుకే వాడండి.

కూర దించాక మీకున్న సమయం రెండు గంటలే. వేడి గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టకూడదని, పూర్తిగా చల్లారేదాకా స్టవ్ మీదే ఉంచుతాం. పెద్ద గిన్నెడు మటన్ కూర గానీ సాంబారు గానీ అలా వదిలేస్తే, పైన చల్లబడ్డట్టు కనిపించినా నడుమ భాగం చాలాసేపు గోరువెచ్చగానే ఉండిపోతుంది. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకు కావలసింది సరిగ్గా అదే. పెద్ద బేసిన్‌లో నీళ్లు, ఐసు ముక్కలు వేసి అందులో గిన్నె దించి కలుపుతూ ఉండండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో పొగ తగ్గుతుంది. తరవాత ఒక్కొక్క పూటకు సరిపడా చిన్న డబ్బాల్లోకి తీసేయండి. కూర మందం రెండంగుళాలు దాటకూడదు. వెడల్పుగా, పల్చగా ఉన్న డబ్బా త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది, ఓవెన్‌లో సమంగా వేడెక్కుతుంది. లోతైన డబ్బా ఈ మూడింటిలోనూ ఇబ్బంది పెడుతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి పైన వేలెడు ఖాళీ వదలండి. మూత మీద టేపు అంటించి తేదీ రాయండి. మూడు నెలలు దాటాక రుచి తగ్గుతుంది.

అన్నం సంగతి వేరు

ఇక్కడ కొంచెం ఆగి చదవమని కోరుతున్నాను. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది అన్నాన్నే.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా తాలూకు బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేస్తే పోయేది కాదు. మీరు పొగలు కక్కేదాకా వేడి చేసినా అది అలాగే ఉంటుంది. "బాగా వేడి చేస్తే ఏమీ కాదులే" అన్న మన నమ్మకం అన్నం దగ్గర పనికిరాదు.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒక రాత్రి కుక్కర్‌లో మిగిలిన అన్నాన్ని స్టవ్ మీదే వదిలేసి పడుకున్నాను. పొద్దున వాసన బాగానే ఉందని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. మూడు రోజుల తరవాత ఆఫీసుకు తీసుకెళ్లి, ఓవెన్‌లో చేయి కాలేంత వేడి చేసి తిన్నాను. మూడు గంటలు తిరక్కుండా వాంతులు మొదలయ్యాయి. సాయంత్రం డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "అన్నం తిన్నారా? ఎప్పుడు వండింది?" అని. బాగా వేడి చేశానని చెబితే ఆమె తల అడ్డంగా ఊపి, జరగాల్సింది ఆ రాత్రి స్టవ్ మీదే జరిగిపోయి ఉంటుందన్నారు. ఆ రోజు నుంచి అన్నం మీద నా లెక్క మారింది.

అన్నం ఫ్రీజర్‌కి అని వండితే, ఉడకగానే కుక్కర్‌లోంచి పెద్ద పళ్లెంలోకి తీసి పల్చగా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. ఆవిరి తగ్గగానే డబ్బాల్లోకి సర్దేయండి. గంటలోపు ఫ్రీజర్‌లో ఉండాలి. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని ఫ్రీజర్‌లో పెట్టవద్దు, ఎంత ఉన్నా సరే.

ఇది విన్న ప్రతిసారీ మా పెదనాన్న, "మేం చద్దన్నం తిని పెరగలేదా?" అంటారు. చద్దన్నం నాకూ ఇష్టమే. నీళ్లూ మజ్జిగా పోసి పులియబెట్టిన అన్నంలో పులుపు పెరుగుతుంది. ఆ పులుపు చెడ్డ బ్యాక్టీరియాను అణచడానికి సాయపడుతుంది. మూత పెట్టిన కుక్కర్‌లో పొడిగా, వెచ్చగా ఉండిపోయిన అన్నానికి ఆ రక్షణ లేదు. రెండూ ఒకటి కావు.

ఊరి నుంచి వచ్చిన డబ్బాలు

మాది నెల్లూరు. అమ్మ చేపల పులుసు గడ్డకట్టించి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి ఎవరైనా వస్తుంటే పంపుతుంది. రైల్లో చెన్నై సెంట్రల్‌కి మూడు గంటలు, అక్కడి నుంచి ఇంటికి ఇంకో గంట. పెట్టె రాగానే ముందు డబ్బా మూత తీసి చెంచాతో మధ్యలో పొడిచి చూస్తాను. లోపల ఇంకా ఐసు పలుకులు తగులుతూ, డబ్బా అంతా చల్లగా ఉంటే తిరిగి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. పూర్తిగా కరిగినా ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయాలి. చల్లదనం పోయి ఉంటే తినకూడదు. "చింతపండు పులుపు ఉంది, పాడవదు" అంటారు. పులుపు పాడవడాన్ని నెమ్మదింపజేస్తుందన్నది నిజమే. కానీ నాలుగు గంటల ప్రయాణానికి ఆ ఒక్క ధీమా చాలదు. పడేయడం ఎంత కష్టమో నాకు తెలుసు, అమ్మకు ఫోన్లో చెప్పడం ఇంకా కష్టం. అందుకే ఇప్పుడు డబ్బాల మధ్య గడ్డకట్టిన నీళ్ల సీసాలు రెండు పెట్టమని అమ్మకు ముందే చెబుతున్నాను. అప్పటి నుంచి ఒక్కసారి కూడా పడేయాల్సి రాలేదు.

ముందురోజు రాత్రి

అన్నిటికంటే మంచి పద్ధతి ఫ్రిజ్‌లో కరగనివ్వడం. సాయంత్రం ఇంటికి రాగానే రేపటి డబ్బాను ఫ్రీజర్‌లోంచి కింది అరలోకి దించండి. కింద ఒక ప్లేటు పెట్టండి, కారిన నీరు వేరేవాటి మీద పడదు. పావుకిలో, మూడొందల గ్రాముల డబ్బా కరగడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. అందుకే పడుకునే ముందు గుర్తొచ్చి దించితే పొద్దుటికి నడుమ ఇంకా గట్టిగానే ఉంటుంది. అది తప్పేమీ కాదు, అలాగే పట్టుకెళ్లవచ్చు. ఫ్రిజ్‌లోనే కరిగినదాన్ని తినడం కుదరకపోతే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, రుచి కాస్త తగ్గుతుంది. బయట కరిగినదాన్ని మాత్రం మళ్లీ గడ్డకట్టించకూడదు.

రాత్రి దించడం మర్చిపోతే టెన్షన్ పడకండి. కరిగించకుండానే, కింద చెప్పినట్టు ఐస్ ప్యాక్‌తో పట్టుకెళ్లండి. ఆఫీసు ఓవెన్‌లో గట్టి గడ్డనే నేరుగా వేడి చేసుకోవచ్చు, సమయం ఎక్కువ పడుతుంది, అంతే. కిచెన్ గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్లడం, వేడినీళ్లలో డబ్బా ముంచడం మాత్రం చేయకండి.

చన్నీళ్లలో కరిగించే పద్ధతి కూడా ఉంది. కారని కవర్‌లో కూర పెట్టి చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి. అరకిలో దాదాపు గంటలో కరుగుతుంది. కానీ చెన్నైలో వేసవిలో ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కొళాయిలోకి వచ్చే నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. కాబట్టి క్యాన్ నీళ్లలో ఐసు వేసుకోండి. ఇలా కరిగినదాన్ని వెంటనే పూర్తిగా వేడి చేసేయాలి. అందుకే ఇది రాత్రి భోజనానికి పనికొస్తుంది, లంచ్ డబ్బాకు కాదు.

దారిలో, ఆఫీసులో

డబ్బాను లోపల వెండి రంగు పొర ఉన్న లంచ్ బ్యాగులో పెట్టండి. పక్కన ఒక ఐస్ ప్యాక్ గానీ, అర లీటరు సీసాలో గడ్డకట్టించిన నీళ్లు గానీ ఉండాలి. ఆఫీసు చేరగానే మెయిల్ తెరిచేముందే డబ్బా ఫ్రిజ్‌లో పెట్టేయండి. అందరూ వాడే ఫ్రిజ్ తలుపు రోజంతా తెరుచుకుంటూనే ఉంటుంది కాబట్టి తలుపు అరలో కాకుండా లోపలి గోడ వైపు పెట్టండి.

ఓవెన్ దగ్గర

మైక్రోవేవ్‌లో కూర అంచులు సలసల మరుగుతూ ఉంటే నడుమ ఐసులా ఉండటం మీరూ చూసే ఉంటారు. ఆ తరంగాలు తిండిలోకి పైనుంచి రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే బాగా వెళ్తాయి. పైగా నీరు వాటిని త్వరగా పీల్చుకుంటుంది, ఐసు పీల్చుకోదు. అంచున ముందు కరిగిన భాగమే వేడినంతా తీసుకుంటుంది. ఇంకో సంగతి ఏమిటంటే, ఐసు కరగడానికే చాలా వేడి కావాలి. ఒక గ్లాసు ఐసును నీరుగా మార్చడానికి పట్టే వేడి, ఆ నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాయడానికి పట్టే వేడికి సమానం. రెండు నిమిషాల్లో పని కాకపోవడానికి కారణం ఇదే.

మూడొందల గ్రాముల గట్టి గడ్డకు, 800 వాట్ల ఓవెన్‌లో నేను చేసేది ఇది:

1. డబ్బా అడుగును కొళాయి కింద అరనిమిషం తిప్పితే గడ్డ అంచులు వదులవుతాయి. దాన్ని పింగాణీ గిన్నెలోకి బోర్లించండి. స్టీలు డబ్బా ఓవెన్‌లో పెట్టకూడదు. ఫ్రీజర్ చల్లదనం మీదున్న గాజు డబ్బా ఒక్కసారిగా వేడెక్కితే పగలవచ్చు. హోటల్ పార్సిల్ వచ్చే పల్చటి ప్లాస్టిక్ డబ్బాలు వద్దు. ప్లాస్టిక్ అయితే అడుగున త్రికోణంలో 5 అంకె, మైక్రోవేవ్ గుర్తు రెండూ ఉండాలి.

2. మూత వదులుగా పెట్టి డీఫ్రాస్ట్‌లో ఆరేడు నిమిషాలు. ఆ బటన్ లేకపోతే పవర్ 30 శాతానికి తగ్గించండి. సగంలో ఆపి చెంచాతో గడ్డను విరగ్గొట్టండి.

3. ఐసంతా పోయాక కూరను గిన్నె అంచులకు జరిపి, గారెకు చిల్లు పెట్టినట్టు నడుమ ఖాళీ ఉంచండి. నడుమ ఏమీ లేకపోతే చల్లగా మిగిలే చోటే ఉండదు. ఇంత చిన్న ఉపాయం ఇంత బాగా పనిచేస్తుందని నేను అనుకోలేదు.

4. పూర్తి పవర్‌లో రెండు నిమిషాలు. తీసి అడుగు నుంచి బాగా కలపండి. మళ్లీ ఒకటి, రెండు నిమిషాలు.

5. మూత తీయకుండా రెండు నిమిషాలు ఆగండి. వేడి లోపలికి సర్దుకుంటుంది.

6. నడుమ చూడండి. లోపల 75 డిగ్రీలు రావాలి. సూది ఉన్న వంటింటి థర్మామీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొని ప్యాంట్రీలో పెట్టుకోవచ్చు. అది లేకపోతే పెద్ద ముక్కను చీల్చి లోపలి నుంచి పొగ వస్తుందో లేదో చూడండి. గోరువెచ్చగా అనిపిస్తే మళ్లీ ఒక నిమిషం.

అన్నమైతే రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూత పెట్టి వేడి చేయండి, పలుకు విడివిడిగా వస్తుంది. ఉడికించిన గుడ్డును కోసి పెట్టండి, నిండు గుడ్డు లోపల ఆవిరి చేరి పేలుతుంది.

రాత్రే ఫ్రిజ్‌లో కరిగిన డబ్బాకు ఇంత పని లేదు. మూడు, నాలుగు నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపడం చాలు. ఒంటిగంటకు ఓవెన్ ముందు క్యూ ఉంటుందని తెలుసు కదా. వెనక ఆరుగురు నిలబడి చూస్తుంటే పది నిమిషాలు ఆగడం ఎవరికైనా కష్టమే, సగం వేడితో తీసుకెళ్లిపోతాం. గట్టి గడ్డ తెచ్చిన రోజు పన్నెండున్నరకే వెళ్లండి. ముందే డీఫ్రాస్ట్ చేసి పెట్టుకుని గంట తరవాత వేడి చేద్దామనుకోవద్దు. ఓవెన్‌లో కరిగించినదాన్ని అప్పుడే వేడి చేయాలి, ఎందుకంటే కొన్నిచోట్ల అప్పటికే వెచ్చబడిపోయి ఉంటుంది.

తినగా మిగిలినది ఇంటికి తేకండి. ఫ్రీజర్ నుంచి తీసినదాన్ని ఒక్కసారే వేడి చేయాలి. అందుకే చిన్న డబ్బాల్లో సర్దమని చెప్పాను.

ఆఫీసులో ఫ్రిజ్, ఓవెన్ లేకపోతే

అప్పుడు చల్లగా కాదు, వేడిగా పట్టుకెళ్లాలి. పొద్దున గడ్డనే నేరుగా గిన్నెలో వేసి, కాసిని నీళ్లు పోసి, సన్నని సెగ మీద కరిగించి, బాగా మరగనివ్వండి. ఈలోపు స్టీలు వాక్యూమ్ ఫ్లాస్కులో మరుగుతున్న నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెట్టి ఉంచండి. ఆ నీళ్లు పారబోసి, మరుగుతున్న కూరను నిండుగా పోసి మూత బిగించండి. లంచ్ దాకా తెరవకండి. తెరిచినప్పుడు నోరు కాలేంత వేడిగా ఉండాలి, అంటే 60 డిగ్రీలకు పైన. బయట ప్లాస్టిక్, లోపల స్టీలు ఉండే మామూలు హాట్ బాక్సు ఐదు గంటలు అంత వేడి నిలపదు. ఇలా పట్టుకెళ్లడానికి సాంబారు, పప్పు, పులుసు లాంటివి బాగుంటాయి. అన్నాన్ని ఆ రోజే వండి తీసుకెళ్లండి.

ఫ్రీజర్‌కి ఏవి పనికొస్తాయంటే పప్పు, పులుసులు, చికెన్ కూర, ఇడ్లీ, చపాతీ. బంగాళాదుంప ముక్కలు కరిగాక ఇసకలా అవుతాయి, ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది, పెరుగు విరిగినట్టవుతుంది, వేపుళ్లు మెత్తబడతాయి. పెరుగును విడిగా చల్లగా తీసుకెళ్లి అక్కడే కలుపుకోండి.

కరెంటు పోయినప్పుడు

మెయింటెనెన్స్ కోసమని కొన్ని రోజులు పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా కరెంటు తీస్తారు. తలుపు తెరవకుండా ఉంటే నిండుగా ఉన్న మంచి ఫ్రీజర్ 48 గంటల దాకా, సగం ఉన్నది 24 గంటల దాకా చల్లదనం నిలుపుకుంటుంది. కింది ఫ్రిజ్ నాలుగు గంటలే. అసలు చిక్కు మీరు ఊరెళ్లినప్పుడు వస్తుంది. తిరిగి వచ్చేసరికి అన్నీ గట్టిగానే ఉంటాయి, మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టాయేమో తెలియదు.

దీనికి సులువైన దారి ఉంది. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచండి. వచ్చాక బిళ్ల పైనే ఉంటే ఏమీ కరగలేదని అర్థం. ఐసులోకి కూరుకుపోయినా, అడుగుకు చేరినా ఫ్రీజర్ మధ్యలో వెచ్చబడింది, అందులో వండినవన్నీ తీసేయాలి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు వేళచ్చేరి, పళ్లికరణై నీట మునిగినప్పుడు మాకు మూడు రోజులు కరెంటు లేదు. తెరిచి చూస్తే బిళ్ల గిన్నె అడుగున ఉంది. పన్నెండు డబ్బాలు పారబోశాను, అందులో నాలుగు అమ్మ పంపిన పులుసు. డబ్బాలన్నీ మూతల రబ్బరు ఊడదీసి వేడినీళ్లలో కడిగి ఆరబెట్టాను. ఆ గిన్నెలో మళ్లీ నీళ్లు పోసి గడ్డకట్టాక అదే రూపాయి పైన పెట్టాను.